తినిపించే ధైర్యం, సూది వేసే ధైర్యం



ఎవరి పేరున ఈ సభ జరుగుతోందో ఆమెను చదువుకునే రోజుల్లో మేమంతా మేడమ్ అనేవాళ్లం. ఇప్పటికీ నా నోటికి అదే వస్తుంది, మన్నించండి. పూర్తి పేరు ఈ బ్యానరు మీద ఎలాగూ ఉంది. ఒంటినిండా దద్దుర్లతో బిడ్డను తెస్తే మేం మందుల చీటీ రాయడానికి కలం తీసేవాళ్లం. ఆమె తల్లి పక్కన బల్ల మీద కూర్చునేవారు. ఏం తిన్నాడమ్మా, ఎంత తిన్నాడు, తిన్నాక ఎంతసేపటికి వచ్చింది, ఇదివరకు అదే తింటే ఏమైంది? ఈ నాలుగూ అడిగి, జవాబులు మా చేత కేసు షీటులో రాయించాకే మందు సంగతి. మాకు విసుగ్గా ఉండేది. ఆహార అలర్జీని కనిపెట్టడంలో ఇవాళ్టికీ మొదటి మెట్టు ఆ నాలుగు ప్రశ్నలే.

అందుకే ఆమె స్మృతిలో మాట్లాడమన్నప్పుడు పల్లీలు, జీడిపప్పు, బాదం, నువ్వులు పడని పసిపిల్లల గురించి చెప్పాలనిపించింది. ఈ విషయంలో మన భయాలు రెండూ ఉండవలసిన చోట లేవు. ఏ ఇబ్బందీ లేని ఆరేడు నెలల పిల్లకు పల్లీ ముద్ద నాకించడానికి భయపడుతున్నాం. అదే పల్లీ తిని ఊపిరాడని పిల్లకు అడ్రినలిన్ సూది వేయడానికీ భయపడుతున్నాం. మొదటి భయం అలర్జీని పెంచుతోంది. రెండోది ప్రాణం మీదికి తెస్తోంది.

మొదటి భయం ఎక్కడిదో చూద్దాం. అది మన అమ్మమ్మల నుంచి రాలేదు. వైద్యులమే పుట్టించాం. 1998లో బ్రిటన్ ప్రభుత్వం, ఇంట్లో అలర్జీ చరిత్ర ఉంటే బిడ్డకు మూడేళ్లు నిండేదాకా వేరుశెనగ పెట్టొద్దని సలహా ఇచ్చింది. 2000లో అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ కూడా అదే చెప్పింది. అప్పటికి అది సబబుగానే తోచింది: పడని వస్తువును దూరం పెడితే జబ్బే రాదు కదా! ఆ సలహా నడిచిన కాలంలో ఆ దేశాల్లో వేరుశెనగ అలర్జీ తగ్గకపోగా పెరిగింది.

చిక్కుముడి విప్పినవాళ్లలో ముఖ్యుడు లండన్ పిల్లల వైద్యుడు గిడియన్ లాక్. ఇజ్రాయెల్లో ఈ అలర్జీ ఎందుకంత అరుదో ఆయన బృందం ఆరా తీసింది. 2008లో బ్రిటన్లోని యూదు పిల్లల్నీ ఇజ్రాయెల్లోని యూదు పిల్లల్నీ పోల్చి చూస్తే బ్రిటన్లో 1.85 శాతం, ఇజ్రాయెల్లో 0.17 శాతం తేలింది. వంశం దాదాపు ఒకటే, తేడా పది రెట్లు. మరి తిండి? ఇజ్రాయెల్లో ఎనిమిది నుంచి పద్నాలుగు నెలల పిల్లలు నెలకు సగటున 7.1 గ్రాముల వేరుశెనగ ప్రొటీను తింటున్నారు. బ్రిటన్లో అది సున్నా. ఇజ్రాయెల్లో బాంబా అని ఒక తినుబండారం ఉంది, వేరుశెనగతో చేసి నోట్లో వేసుకుంటే కరిగిపోయేలా ఉంటుంది. పళ్లు కూడా సరిగా రాని పిల్లల చేతుల్లో అక్కడ అదే.

ఇలాంటి పోలికతో వైద్యం మారదు, మారకూడదు కూడా. అందుకని లాక్ బృందం లీప్ అనే అధ్యయనం మొదలుపెట్టింది. నాలుగు నుంచి పదకొండు నెలల వయసున్న 640 మంది పిల్లలు. అందరికీ ముదిరిన ఎగ్జిమా అనే చర్మవ్యాధో గుడ్డు అలర్జీయో రెండూనో ఉన్నాయి. అంటే అలర్జీ వచ్చే ప్రమాదం అందరికన్నా ఎక్కువున్నవాళ్లు. సగం మందికి వారానికి ఆరు గ్రాములకు తగ్గకుండా వేరుశెనగ ప్రొటీను తినిపించారు, మిగతా సగం చేత ఐదేళ్లూ మాన్పించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. మానినవాళ్లలో 17.2 శాతానికి అలర్జీ వచ్చింది, తిన్నవాళ్లలో 3.2 శాతానికి. ఆ పిల్లల్నే పన్నెండు, పదమూడేళ్ల వయసులో మళ్లీ చూసి 2024లో ప్రచురించారు. ఐదేళ్ల తర్వాత ఎవరిష్టం వచ్చినట్టు వాళ్లు తిన్నా, మానినా, ఆ రక్షణ చెక్కుచెదరలేదు.

బ్రిటన్, అమెరికా పాత సలహాను 2008, 2009 ప్రాంతంలోనే ఉపసంహరించుకున్నాయి. 2017 నుంచి అమెరికా మార్గదర్శకాలు తొందరగా తినిపించమనే చెబుతున్నాయి. కానీ సలహాను కాగితం మీద వెనక్కి తీసుకున్నంత తేలిగ్గా జనం మనసులోంచి తీయలేం. ఆ దేశాలు వదిలేసిన భయం ఇప్పుడు వాట్సాప్‌లో మన ఊళ్లకు వస్తోంది. డాలస్‌లో ఉన్న మరదలు చెప్పిందని, అనంతపురంలో శెనక్కాయ పొలం ఉన్న ఇంట్లో ఏడాదిన్నర పిల్లకు ఊరుబిండి చూపించడం లేదు!

ఇదంతా నోటితో తినే సంగతి. చర్మం మీదుగా జరిగేదేమిటి అన్నది ఇంకా ఆసక్తికరం. 2003లో ఇదే లాక్ బృందం, వేరుశెనగ నూనె కలిసిన క్రీములు రాసిన పిల్లల్లో ఆ అలర్జీ ఎక్కువగా ఉందని ప్రచురించింది. దాని మీద కట్టిన సిద్ధాంతం ఇది: నోటి ద్వారా పరిచయమైన పదార్థాన్ని శరీరం తిండిగా ఒప్పుకుంటుంది, పగిలిన చర్మం ద్వారా ముందుగా పరిచయమైతే శత్రువుగా గుర్తుపెట్టుకుంటుంది. వీధి గుమ్మంలోంచి వచ్చినవాడు చుట్టం, పెరటి గోడ దూకి వచ్చినవాడు దొంగ. ఎగ్జిమా ఉన్న పిల్లల చర్మంలో ఆ గోడ బీటలు వారి ఉంటుంది. ఫిలాగ్రిన్ అనే చర్మపు ప్రొటీను జన్యువులో లోపమున్న పిల్లల్లో ఎగ్జిమా, వేరుశెనగ అలర్జీ రెండూ ఎక్కువని తర్వాత తేలింది.

మన ఇళ్లలో పసిబిడ్డకు నువ్వుల నూనె మర్దన తరాలుగా ఉంది. నేనూ ఆ చేతుల్లోనే పెరిగాను, దాన్ని తప్పుపట్టను. నున్నటి చర్మం ఉన్న బిడ్డకు అమ్మమ్మ ఒళ్లు రుద్దితే నాకేమీ అభ్యంతరం లేదు. కానీ బుగ్గల మీద, మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక ఎర్రగా పొరలు లేచి దురదపెట్టే బిడ్డ ఒంటికి నువ్వుల నూనె, పల్లీ నూనె, బాదం నూనె రాయకండి. అందులోనూ ఇప్పుడు గానుగ నూనెల మోజు పెరిగింది. శుద్ధి చేసిన నూనెలో ప్రొటీను దాదాపు ఉండదు, గానుగ నూనెలో మిగిలి ఉంటుంది. సున్నిపిండి నలుగు కూడా ఆ చర్మానికి వద్దు. డాక్టరు చెప్పిన మామూలు క్రీమో, వాసన లేని పెట్రోలియం జెల్లీయో చాలు. ఎగ్జిమాను మొదట్లోనే అదుపులో పెట్టడం కూడా ఆహార అలర్జీ నివారణలో భాగమే.

ఇక తినిపించడం. మనకు ఆరు నెలలు నిండేవరకు తల్లిపాలే అన్న నియమం ఉంది, అది మారదు. అన్నప్రాశన అయ్యాక ఉగ్గు, మెత్తని పప్పన్నం అలవాటయ్యాక పల్లీల వంతు. వేయించి పొట్టు తీసి, నున్నగా నూరి, గోరువెచ్చని నీళ్లలోనో ఉగ్గులోనో పలచగా కలపండి. ఉప్పు, కారం వద్దు. మొదటిసారి చెంచా కొసతో అంటించి పది నిమిషాలు చూడండి. ఏమీ లేకపోతే మెల్లగా మిగతాది. ఆ తర్వాత రెండు చిన్న చెంచాల ముద్ద వారానికి మూడుసార్లు. ఒకసారి పెట్టి మానేయడం పనికిరాదు. అలవాటైంది అలవాటుగానే సాగాలి. బిడ్డకు జ్వరమో జలుబో ఉన్న రోజున మొదలుపెట్టకండి. పగటిపూట, పెద్దవాళ్లు పక్కన ఉన్నప్పుడు పెట్టండి. ఎగ్జిమా ముదిరి ఉన్నా, గుడ్డు పడకపోయినా ముందు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి. వాళ్లకు ఇది ఇంకా ముఖ్యం, కాకపోతే మొదటి ముద్ద డాక్టరు కళ్లముందు పడాలి.

నువ్వుల విషయంలో ఆధారం ఇంత గట్టిగా లేదు. లండన్‌లోనే జరిగి 2016లో వచ్చిన ఈట్ అధ్యయనం వేరుశెనగ, గుడ్డు, పాలు, చేప, గోధుమలతోపాటు నువ్వుల్ని కూడా మూడు నెలల వయసు నుంచి పెట్టించి చూసింది. చెప్పినట్టు తినిపించగలిగిన ఇళ్లలో అలర్జీ తగ్గింది, కానీ చాలా ఇళ్లు అన్నేసి పదార్థాలు క్రమం తప్పకుండా పెట్టలేకపోయాయి. పసిపిల్లకు అన్నం పెట్టిన ఎవరికైనా ఆ కష్టం తెలుసు. నువ్వుల్ని వెనక్కి నెట్టడానికి మాత్రం కారణమేమీ లేదు. ఉగ్గులో చిటికెడు నువ్వుల పొడి సరిపోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. గింజను గింజగా ఐదేళ్లలోపు పిల్లలకు ఇవ్వకండి. మన దేశంలో చిన్నపిల్లల శ్వాసనాళంలోంచి బ్రాంకోస్కోపీతో బయటికి తీసే వస్తువుల్లో వేరుశెనగ పలుకు ముందు వరసలో ఉంటుంది. పొడి చేయండి, ముద్ద చేయండి. పులిహోరలోంచి పల్లీలు ఏరి పెట్టే బామ్మలకు కూడా ఈ మాట చేర్చండి.

మరి ఇంత పల్లీ తినే దేశంలో అలర్జీ లేదా? ఉంది, తక్కువగా ఉంది. హాంకాంగ్, రష్యా, చైనా, భారతదేశాల బడిపిల్లల మీద ఒకే పద్ధతిలో జరిగిన సర్వే 2020లో వెలువడింది. ఆహార అలర్జీ హాంకాంగ్‌లో 1.50 శాతం ఉంటే మన దగ్గర 0.14 శాతం. ఇది కర్ణాటక పిల్లల లెక్క. దీన్ని చూసి మనవాళ్ల రక్తం గట్టిదనుకుంటే పొరపాటు. మెల్‌బోర్న్‌లో చూస్తే, ఆసియా నుంచి వలస వెళ్లిన తల్లిదండ్రులకు అక్కడ పుట్టిన పిల్లల్లో వేరుశెనగ అలర్జీ అక్కడివాళ్ల పిల్లలకన్నా ఎక్కువగా ఉంది. ఆసియాలోనే పుట్టి తర్వాత వెళ్లిన పిల్లల్లో తక్కువ. న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో మనవడికి పల్లీ పడదని కూతురు చెబితే, 'మన వంశంలో ఎవరికీ లేదు, ఇదంతా ఆ దేశపు గోల' అని కొట్టిపారేసే తాతయ్యలకు, అమ్మమ్మలకు ఈ సంగతి చెబుతుంటాను. సూట్‌కేసులో పల్లీ చిక్కీ, నువ్వుల పొడి పెట్టేముందు కూతుర్ని అడగండి. ఆమె వద్దంటే వద్దనే.

అలర్జీ తక్కువే కానీ అలర్జీ పరీక్షలు మాత్రం తక్కువ లేవు. పిల్లవాడికి తరచు జలుబు చేస్తోందని ల్యాబుకు వెళితే వందకు పైగా పదార్థాల జాబితాతో రిపోర్టు చేతిలో పెడుతున్నారు. అందులో పల్లీ, నువ్వులు, కందిపప్పు, వంకాయ, అన్నిటికీ ఎర్ర గీతలు. ఆ తల్లి ఆ సాయంత్రం నుంచే బిడ్డకు సగం తిండి ఆపేస్తుంది. రక్తంలో ఐజీఈ అనే అలర్జీ యాంటీబాడీ కనబడటం వేరు, తింటే ఒంటికి పడకపోవడం వేరు. కర్ణాటకలోనే పెద్దవాళ్ల మీద జరిగిన సర్వేలో 26 శాతానికి పైగా మందిలో ఆహార పదార్థాల ఐజీఈ కనబడింది. నిజంగా అలర్జీ అనదగ్గవాళ్లు 1.2 శాతమే. ఆ 26 మందికీ తిండి మాన్పించే డాక్టర్ని ఏమనాలి? మేడమ్ అయితే ఏమనేవారో ఇక్కడున్న నా తోటివాళ్లకు తెలుసు. ఐజీజీ అనే మరో యాంటీబాడీ పరీక్షలైతే అలర్జీకి అసలు పనికిరావు, వాటి మీద డబ్బు పెట్టకండి. చరిత్ర అడిగి, అనుమానమున్న ఒకటి రెండింటికే చర్మం మీదో రక్తంలోనో పరీక్ష చేసి, ఇంకా తేలకపోతే ఆస్పత్రిలో కొద్దికొద్దిగా తినిపించి చూడటమే పద్ధతి.

నిజంగానే అలర్జీ తేలిన బిడ్డకు ఏది మాన్పించాలో అంతే మాన్పించండి. వేరుశెనగ పప్పుధాన్యాల కుటుంబమే అయినా, అది పడని పిల్లల్లో చాలామంది కంది, పెసర, మినప హాయిగా తింటారు. జీడిపప్పు పడకపోతే పిస్తా కూడా చాలావరకు పడదు, రెండూ దగ్గరి చుట్టాలు. అక్రోటు పడని పిల్లకు పెకాన్ అనుమానమే. కొబ్బరి ఎక్కువమందికి ఏమీ చేయదు. ఉడికించిన శెనక్కాయలకన్నా వేయించినవాటిలో అలర్జీ కలిగించే గుణం ఎక్కువని ప్రయోగాల్లో తేలింది. అలాగని అలర్జీ ఉన్న బిడ్డకు ఉడకబెట్టి పెట్టి చూద్దామనుకోకండి. పాలు, గుడ్డు పడని పిల్లలు పెద్దయ్యేకొద్దీ ఎక్కువగా బయటపడతారు, వేరుశెనగలో మాత్రం ఐదుగురిలో ఒకరే. కాబట్టి ఏడాదికో రెండేళ్లకో మళ్లీ పరీక్ష చేయించాలి తప్ప జీవితాంతమని ముద్ర వేయకూడదు.

మన వంటలో పల్లీ, నువ్వు, జీడిపప్పు కంటికి కనబడవు, అదే చిక్కు. గుత్తొంకాయ ముద్దలో, బగారా బైంగన్‌లో, మిర్చి సాలన్‌లో పల్లీలూ నువ్వులూ నూరి ఉంటాయి. హోటల్లో తెల్లటి గ్రేవీ అంటే జీడిపప్పే అనుకోవచ్చు. సకినాల్లో నువ్వులు, అరిసెల మీద నువ్వులు, పులిహోరలో కొందరు వేసే నువ్వుల పొడి, ఆవకాయలో నువ్వుల నూనె. సంక్రాంతి నెలంతా ఇలాంటి పిల్లల తల్లికి కంటి మీద కునుకుండదు. చుట్టాలింట్లో 'ఒక్క ముక్కకు ఏమవుతుందమ్మా' అనే పెద్దమనిషి ఒకరు తప్పకుండా ఉంటారు.

ఏమవుతుందో చెప్పి, అసలు విషయానికి వస్తాను. తిన్న నిమిషాల్లోనో, రెండు గంటల్లోపో పెదవులు వాచి, దద్దుర్లు లేచి, ఆ వెంట వాంతులు, దగ్గు, గొంతు బొంగురుపోవడం, పిల్లికూతలు, ఒళ్లు తెల్లబారి వాలిపోవడం. చెప్పలేని పసిబిడ్డ అయితే ఉన్నట్టుండి గుక్కపెట్టి ఏడ్చి, చొంగ కార్చి, మత్తుగా అయిపోవచ్చు. దద్దుర్లతోపాటు ఊపిరి ఇబ్బందో, ఆగని వాంతులో, వాలిపోవడమో ఉంటే అది అనాఫిలాక్సిస్. దీన్ని 1902లో ఫ్రాన్సులో పోర్టియే, రిషే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వర్ణించారు. రిషేకు 1913లో నోబెల్ వచ్చింది. వాళ్లు వర్ణించడానికి ఒక్క ఏడాది ముందే, 1901లో, జపాన్ రసాయన శాస్త్రవేత్త తకమినే అడ్రినలిన్‌ను శుద్ధ రూపంలో వేరుచేశాడు. జబ్బుకు పేరు పెట్టేనాటికే మందు చేతిలో ఉంది. నూట ఇరవై ఏళ్లు దాటినా మన క్లినిక్కుల్లో ఆ బిడ్డకు పడేది ఏవిల్ అనే అలర్జీ మందు, దాని వెంట ఒక స్టెరాయిడ్ సూది!

ఏవిల్ దురద తగ్గిస్తుంది. బిడ్డ కాస్త నిద్రపోతుంది, అందరూ కుదుటపడిందనుకుంటారు. వాస్తున్న గొంతునది ఆపలేదు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేదు. స్టెరాయిడ్ పనిచేయడానికే గంటలు పడుతుంది. ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఒక్కటే, అదీ మొదటి నిమిషాల్లో. మన వైద్యుల భయం నాకు తెలుసు: గుండెకేమైనా అవుతుందేమో, పసిబిడ్డ కదా, పెద్దాస్పత్రికి పంపేస్తే పోలా? తొడ బయటి వైపు కండరంలోకి సరైన డోసులో వేసిన అడ్రినలిన్‌తో పిల్లలకు ప్రమాదం చాలా అరుదు, వేయకపోతేనే ప్రమాదం. డోసు కిలోకు 0.01 మిల్లీగ్రాములు. ఆంప్యూల్‌లో మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము ఉంటుంది గనక పది కిలోల బిడ్డకు 0.1 మిల్లీలీటరు. పిల్లల్లో ఒక్కో డోసు 0.3 మిల్లీలీటర్లు దాటకూడదు. ఐదు నిమిషాల్లో తేరుకోకపోతే మళ్లీ అదే డోసు. బిడ్డను పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి. లేపి నడిపించకండి, భుజాన వేసుకుని పరుగెత్తకండి. తేరుకున్నాక కూడా కొన్ని గంటలు ఆస్పత్రిలోనే ఉంచాలి, రెండో విడత రావచ్చు.

విదేశాల్లో ఇలాంటి పిల్లల సంచీలో కలంలాంటి ఆటో ఇంజెక్టర్ ఉంటుంది. మన దగ్గర అది అందరికీ దొరికే వస్తువు కాదు. అందుకని నేను ఆ తల్లిదండ్రులకు ఆంప్యూల్, ఒక మిల్లీలీటరు సిరంజి, ఎక్కడిదాకా లాగాలో గీత గీసిన కాగితం ఇచ్చి, నర్సు చేత నీళ్లతో సాధన చేయిస్తాను. మొదటిసారి చేతులు వణుకుతాయి. నాలుగోసారికి వణకవు.

లేబుళ్ల గురించి కాస్త. 2016లో నటాషా అనే పదిహేనేళ్ల అమ్మాయి లండన్‌లో కొన్న శాండ్‌విచ్ రొట్టెలో కలిసిన నువ్వుల వల్ల చనిపోయింది. పొట్లం మీద నువ్వుల మాట లేదు, అప్పటి నిబంధన ప్రకారం ఉండనక్కర్లేదు కూడా. ఆమె పేరుతో వచ్చిన చట్టం 2021 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. అమెరికా 2023 జనవరి నుంచి నువ్వుల్ని తొమ్మిదో ప్రధాన అలర్జీ పదార్థంగా లేబుల్ మీద రాయిస్తోంది. మన ఆహార ప్రమాణాల సంస్థ 2020 నిబంధనల్లో వేరుశెనగ, జీడిపప్పులాంటి గింజలు, పాలు, గుడ్డు, చేప, సోయా ఉన్నాయి. నువ్వులు లేవు, ఆవాలూ లేవు. చిమ్మిలి, నువ్వుండలు, ఆవకాయ తినే దేశంలో ఇదొక వింత. పది లేదా అంతకన్నా ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లు మెనూలో అలర్జీ వివరాలు పెట్టాలని నిబంధన ఉంది, అయినా అడిగితే సర్వర్ వంటవాడి వైపు చూస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో బడి భోజనంతో పల్లీ చిక్కీ ఇస్తున్నారు. లక్షల మంది పిల్లలకు అది మంచి ప్రొటీను, ఒక్క పిల్ల కోసం దాన్ని ఆపమని నేనడగను. పడని పిల్ల ఉంటే ఆమెకు బదులుగా ఇంకేదైనా ఇవ్వాలి, ఎవరా పిల్లో టీచరుకూ వంట చేసే అమ్మకూ తెలియాలి. అంతవరకు చేయవచ్చు.

సభలో ఉన్న తల్లిదండ్రులకు చెప్పాల్సింది చెప్పాను. తోటి వైద్యులకు రెండు విన్నపాలు. మన వైద్య సంఘాలు నువ్వులనూ ఆవాలనూ తప్పనిసరి జాబితాలో చేర్చమని ఆహార ప్రమాణాల సంస్థకు ఉత్తరం రాయాలి, ముసాయిదా నేను రాసిస్తాను. రెండోది ఇంకా తేలిక. రేపు పొద్దున క్లినిక్ తెరవగానే ఎమర్జెన్సీ పెట్టెలో అడ్రినలిన్ ఆంప్యూల్ ఉందో లేదో, దాని గడువు తేదీ ఎప్పుడో చూడండి. పది కిలోలకు 0.1, ఇరవై కిలోలకు 0.2, ముప్పై కిలోలకు 0.3 మిల్లీలీటర్లు అని పెద్ద అక్షరాలతో రాసి ఆ పెట్టె మూతకు అంటించండి.